మారవలసిన మనస్సు ఎవరిది?

సుఖమును కోరని ప్రాణి లేదు. చీమ మొదలు చక్రవర్తి వరకు ప్రతి జీవియు సుఖము కొరకే పాటుపడుచున్నది. ఆ సుఖమును మానవుడు మొట్టమొదట వెదకుకొను చోటు తన ఇల్లు. తల్లి ఒడి, తండ్రి నీడ, తోబుట్టువుల తోడు, దంపతుల అనురాగము, బిడ్డల ముద్దుపలుకులు - ఇవి లేని సుఖమును సామాన్యుడు ఊహింపనైన లేడు. విచిత్రమేమనగా, అతనిని అన్నింటికంటె ఎక్కువగా బాధించునదియు ఆ ఇల్లే. పరాయివాడు తిట్టిన తిట్టు వారము దినములలో మరపునకు వచ్చును. తోడబుట్టినవాడు అన్న మాట ముప్పది సంవత్సరములు గడచినను నిన్న విన్నట్లే యుండును.

నేను చాలకాలము సంస్కృత పాఠశాలలో అధ్యాపకుడనై యుండి విశ్రాంతి పొందినవాడను. సాయంకాలములందు మా యూరి కోవెలలో పురాణము చెప్పుట అలవాటు. పురాణము ముగిసి, తీర్థప్రసాదములు స్వీకరించి అందరును వెళ్లిన పిమ్మట ఒకరిద్దరు మిగిలి యుందురు. వారు అడుగ దలచినది శాస్త్రవిషయము కాదని వారి ముఖములే చెప్పుచుండును. "ఆచార్యులుగారూ, తిరుమలకు పోవుచున్నాము. ఏమని మ్రొక్కుకొనవలెను?" అని మొదలుపెట్టుదురు. మెల్లగా అసలు సంగతి బయటికి వచ్చును. మా కోడలి మనస్సు మారవలెనని ఒకరు, మా అత్తగారి బుద్ధి మారవలెనని మరియొకరు, మా వాడు భార్య మాట మాని తల్లి మాట వినవలెనని ఇంకొకరు. ఒక పర్యాయము ఒకే వారములో అత్తగారును కోడలును వేరువేరుగా వచ్చి, ఒకరి మనస్సు మారవలెనని మరియొకరు మ్రొక్కుకొనిరి. శ్రీనివాసుడు ఎవరి మ్రొక్కును ఆలకింపవలెను?

వారిని చూచి నేను నవ్వలేదు. నవ్వుటకు నాకు అర్హత లేదు. ఎందులకనగా నేనును పదునొకండు సంవత్సరములు అట్టి మ్రొక్కునే స్వామికి విన్నవించుకొన్నవాడను. ఆ వృత్తాంతమును ముందు చెప్పెదను.

ఎదుటివారి మనస్సు మారినగాని నాకు సుఖము లేదు అని ఎవడు నిశ్చయించుకొనునో, వాడు తన సుఖపు పెట్టె తాళపుచెవిని ఎదుటివారి చేతికి ఇచ్చినవా డగుచున్నాడు. అందులోను, తనను బాధించువాని చేతికే ఇచ్చుచున్నాడు. ఇంతకంటె అవివేక మేమున్నది? అయినను మనమందరమును ఇదియే చేయుచున్నాము. "అట్లయిన ఎదుటివారి తప్పునకు తలయొగ్గి యుండవలసినదేనా? అన్యాయమును సహించుటయే భక్తియా?" అను ప్రశ్న వెంటనే పుట్టును. ఈ రెండు ప్రశ్నలకును శ్రీమద్రామాయణము సమాధానము చెప్పుచున్నది.

శ్రీరామునికి కలిగిన కష్టము కుటుంబములోనుండి వచ్చిన కష్టము. శత్రురాజు దండెత్తి రాలేదు. రాజ్యమును పోగొట్టినది తల్లివరుస యైన కైకేయి. మాట ఇచ్చి చిక్కుకొన్నవాడు కన్నతండ్రి. తెల్లవారిన పట్టాభిషేకము కావలసినవాడు నారచీరలు కట్టి బయలుదేరెను. ఆయన అవతారపురుషుడు గదా, ఆయనకు బాధ యేమున్నది అని మనము తేలికగా అనుకొందుము. వాల్మీకి మహర్షి అట్లు వ్రాయలేదు. సుమంత్రుని పంపివైచి, గంగను దాటి, మనుష్యసంచారము లేని అడవిలో చెట్టుక్రింద పరుండిన మొదటి రాత్రి శ్రీరాముడు లక్ష్మణునితో మనస్సు విప్పి మాటలాడినాడు. కైకేయి తన తల్లియైన కౌసల్యను, సుమిత్రను ఏమి బాధలు పెట్టునో అని శంకించినాడు. తండ్రి కామమునకు లోబడినాడని నొచ్చుకొన్నాడు. కన్నీరు నిండిన ముఖముతో ఆ రాత్రి మౌనముగా కూర్చుండినాడు. లక్ష్మణుడు ఓదార్పవలసి వచ్చినది. కావున ఒక విషయము స్పష్టము. అయినవారి వలన మనస్సు నొచ్చుట దోషము కాదు. నొప్పి కలుగని మనస్సును సంపాదించుటయు మన ధ్యేయము కాదు. ఆ నొప్పిని పట్టుకొని మన మేమి చేయుచున్నా మనునదియే విచారణీయము.

సంవత్సరములు గడచినవి. అరణ్యకాండములో పంచవటిలోని హేమంత ఋతువర్ణనము రసికులందరికిని ప్రియమైన ఘట్టము. తెల్లవారుజామున మంచు కురియుచుండగా సీతారాములు గోదావరికి స్నానమునకు పోవుచున్నారు. లక్ష్మణుడు కలశము పట్టుకొని వెంట నడచుచున్నాడు. ఆ చలిని వర్ణించుచు వర్ణించుచు, ఈ సమయమున భరతుడును నీమీది భక్తిచేత నేలపై పరుండి, ఈ చలిలో సరయువునకు స్నానమునకు పోవుచుండునని అన్నగారితో చెప్పినాడు. అంతవరకు బాగుగనే యున్నది. అక్కడినుండి మాట జారినది. మనుష్యులు తల్లి స్వభావమునే పొందుదురను లోకవాక్యమును భరతుడు అబద్ధము చేసినాడనియు, దశరథుని వంటి భర్తయు భరతుని వంటి కుమారుడును కలిగిన కైకేయి అంత క్రూరురాలు ఎట్లైనదో అనియు లక్ష్మణుడు అన్నాడు.

శ్రీరాము డా నిందను సహింపలేదు. నీ నడిమి తల్లిని ఏ విధముగను నిందింపదగదు నాయనా, ఆ భరతుని కథయే చెప్పుము అని తమ్ముని వారించినాడు.

ఈ సమాధానమును పలుమారులు పాఠము చెప్పినవాడను. ఇందులో గమనింపవలసినవి మూడు సంగతులు. మొదటిది, కైకేయి చేసినది ఒప్పని శ్రీరాముడు అనలేదు. తప్పును కప్పిపుచ్చలేదు. నిందను మాత్రమే నిలిపినాడు. రెండవది, ఆయన కైకేయి అని పేరు పెట్టి పిలువలేదు. నడిమి తల్లి యని వరుసతో చెప్పినాడు. మన ఇండ్లలో జరుగునది దీనికి వ్యతిరేకము. కోపము రాగానే మొట్టమొదట పోవునది వరుస. నిన్నటిదాక మా అన్నయ్య అన్నవాడు నేడు ఆయన అగును, రేపు వాడగును, మరునా డా యింటివా డగును. వరుస పోయిన తరువాత మనస్సు నిందించుటకు జంకదు. శ్రీరాముడు ఆ వరుసను విడువలేదు. మూడవది, ఆయన ఊరక మానుమని చెప్పి విడిచిపెట్టలేదు. మనస్సును శూన్యముగా నిలుపుట ఎవరికిని సాధ్యము కాదు. కావున దానికి వేరొక పని అప్పగించినాడు. భరతుని గూర్చి చెప్పుమన్నాడు. అదే కుటుంబము, అదే తల్లి కడుపు, అదే అయోధ్య. అందులో దుఃఖకారణ మున్నది, ప్రేమకారణమును ఉన్నది. దేనిని గూర్చి మాటలాడుకొనవలెను అనునది మన చేతిలోని పని.

ఇక నా మాట. మా నాన్నగారు నిత్యము శ్రీమద్రామాయణ పారాయణ చేయువారు. తెలుగు లిపిలో అచ్చయిన ప్రతి యొకటి ఆయన వద్ద నుండెడిది. పుటల అంచులలో ఆయన స్వహస్తముతో వ్రాసికొన్న విశేషములు కలవు. ఆయన పరమపదించిన పిమ్మట ఆస్తి పంపకములలో నాకును మా అన్నగారికిని మాటలు పెరిగినవి. భూమి విషయము ఎట్లో తీరినది. పుస్తకము విషయము తీరలేదు. సంస్కృతము చదివినవాడను నేను, మా అన్నగారు వ్యవసాయము చేయువారు. న్యాయముగా అది నాకు రావలెనని నా వాదము. ఆయన ఇయ్యలేదు. "కడసారి మూడేండ్లు నాన్నగారిని ఎత్తి కూర్చుండబెట్టినది ఎవరు? నీవు మనియార్డరులు పంపితివి, అంతే" అని నలుగురి ఎదుట అన్నారు. నే నా మాటను అవమానముగా గ్రహించి లేచి వచ్చితిని. పదునొకండు సంవత్సరములు ఆ గడప త్రొక్కలేదు. నాన్నగారి ఆబ్దికమును సైతము వేరువేరుగనే పెట్టుకొంటిమి. అన్నయ్య మనస్సు మారవలెను, ఆ పుస్తకము నాకు పంపవలెను అనునదే ఆ కాలమంతయు స్వామికి నా విన్నపము.

ఒకనాడు పాఠశాలలో ఈ హేమంతఘట్టమే పాఠము చెప్పుచుంటిని. పదునైదేండ్ల విద్యార్థి యొకడు లేచి, "గురువుగారూ, కైకేయి చేసినది తప్పే కదా! తప్పును తప్పనుటలో దోష మేమి?" అని యడిగెను. నిందింపదగిన పనియు, మనిషిని నిందించుటయు వేరని, ఏదో పదార్థవివరణ చేసి వానిని కూర్చుండబెట్టితిని. ఆ రాత్రి భోజనము వడ్డించుచు నా భార్య, "బావగారికి ఒంట్లో కులాసాగా లేదట" అన్నది. "ఆ యింటి మాట ఎత్తవద్దని ఎన్నిసార్లు చెప్పితిని?" అని కసిరితిని. అన్న మరుక్షణమే చేతిలోని ముద్ద నోటికి పోలేదు. ఉదయము భరతుని కథ చెప్పుమన్న శ్రీరాముని మాటను నలుబదిమంది పిల్లలకు పాఠము చెప్పినవాడను, సాయంకాలము నా భార్య నోట భరతుని కథ వచ్చినచో నోరు మూయించితిని!

ఆనాటినుండి ఒక చిన్న నియమము పెట్టుకొంటిని. అన్నయ్య అన్న ఆ మాట మనస్సున మెదలినప్పుడెల్ల, దానితోబాటు ఆయన చేసిన ఒక మేలును బుద్ధిపూర్వకముగా తలచుకొనవలెను. మొదట ఏదియు గుర్తు రాలేదు. అన్నేండ్ల కోపము జ్ఞాపకములను సైతము దాచివైచినది. కొన్ని దినములకు ఒకటి తోచెను. వానకాలములో మా యూరి కాలువ పొంగినప్పుడు, నన్ను భుజములమీద నెత్తుకొని, పలకయు పుస్తకములును తడియకుండ ఆవలి గట్టు చేర్చి పాఠశాలకు పంపినది ఆయనయే. నా చదువు ఆయన భుజముల మీదుగా నడచినది. తాను మాత్రము ఇంటి పనులకు నిలిచిపోయి చదువుకొనలేదు. పిదప ఆయన అన్న మనియార్డరుల మాటను గూర్చి కూడ ఆలోచించితిని. కఠినముగా అన్నారు, నలుగురిలో అన్నారు, నిజమే. కాని అబద్ధము మాత్రము అనలేదు.

ఆ సంవత్సరము ఆబ్దికమునకు నేనే పోయితిని. పోగానే అన్నగారు కౌగిలించుకొన్నారని వ్రాసిన కథ అందముగా నుండును. అట్లు జరుగలేదు. "ఇప్పటికి దారి కనబడినదా?" అన్నారు. భోజనాల వేళ ఇంకను రెండు మాటలన్నారు. వదినెగారు నొచ్చుకొని నా విస్తరిలో మరియొక గరిటె పరమాన్నము వడ్డించిరి. పూజామందిరమునకు పోయి చూతును గదా, ఆ శ్రీరామాయణము పసుపుబట్టలో చుట్టబడి, పటములముందు పీటమీద నున్నది. నాటి పూవులు దానిమీద నున్నవి. నేను చూచుట గమనించి అన్నగారు, "అందులోని అక్షరము నాకు రాదు. నాన్నగారి చేతివ్రాత మాత్రము గుర్తుపట్టగలను. రోజును ఒక పుట విప్పి చూచి పువ్వు పెట్టుదును" అన్నారు.

పదునొకండు సంవత్సరములు నేను, నామీది కసితో ఆయన ఆ పుస్తకమును అటకమీద పారవైచినారని ఊహించుకొని దుఃఖించితిని. నాకు తెలియని ఒక పూజ ఆ ఇంట జరుగుచుండెను. పుస్తకము నేటికిని అక్కడనే యున్నది. నేను అడుగలేదు. అన్నగారి నోరు నేటికిని కఠినమే. మాట పడిన క్షణమున నా మనస్సు నేటికిని చివుక్కుమనును. ద్వేషము వేరుతో సహా పోయినదని నేను చెప్పజాలను. కాని రాత్రి నిద్ర పట్టుచున్నది. ఆబ్దికము ఒక్కచోటనే జరుగుచున్నది. ఆయన మారకపోయినను నాకు కలిగిన సుఖ మిది.

భగవద్గీత పండ్రెండవ అధ్యాయములో భక్తుని లక్షణములను చెప్పునప్పుడు భగవానుడు మొట్టమొదట పేర్కొన్న గుణము అద్వేషము. ఏ ప్రాణినిగాని ద్వేషింపనివాడు అని ఆరంభించి, పిదపనే మైత్రిని, కరుణను చెప్పినాడు. ఇచట భగవద్రామానుజుల భాష్యము మనవంటి గృహస్థులకు మిక్కిలి ఉపకారకము. తనను ద్వేషించుచు, తనకు అపకారము చేయువారిని సైతము భక్తుడు ద్వేషింపడట. ఎట్లు సాధ్యమనగా, నా అపరాధములకు తగినట్లుగా ఈశ్వరునిచే ప్రేరితులై వీరు నాకిట్లు చేయుచున్నారు అని అనుసంధించుకొనుట చేత. అపకారము చేసినవానిపైననే నిలిచియున్న దృష్టి, అక్కడినుండి లేచి తనవైపునకును, పిదప భగవంతునివైపునకును మరలుచున్నది.

ఐతే ఈ భాష్యవాక్యమును ప్రయోగించుటలో ఒక జాగ్రత్త కలదు. ఇది ఎవరికి వారు తమ మనస్సులో చేసికొనవలసిన అనుసంధానము. ఎదుటివారికి బోధింపవలసినది కాదు. ఏడ్చుచు వచ్చిన కోడలితో "నీ కర్మ ఇట్లున్నది, భరింపుము" అని చెప్పువాడు భాష్యార్థమును చెప్పుచున్నాడని భ్రమింపరాదు. అది క్రౌర్యము. తనకు వచ్చిన దుఃఖమును ప్రారబ్ధముగా చూడవలెను, ఇతరులకు వచ్చిన దుఃఖమును తన కర్తవ్యముగా చూడవలెను. ఒకే ఔషధము పుచ్చుకొనవలసినవాడు పుచ్చుకొన్న వ్యాధి కుదురును, ఒకరి నోట బలవంతముగా పోసిన ప్రాణము పోవును.

ఇక రెండవ ప్రశ్నకు వత్తము. మనస్సు మార్చుకొనుట యనగా అన్యాయమునకు లొంగియుండుటయా? కానే కాదు. విభీషణుని చూడుడు. అన్నకు హితము చెప్పినాడు. ఒకసారి కాదు, పలుమారులు చెప్పినాడు. నిండు సభలో అవమానము పొందినాడు. అప్పుడు ఆయన లంకను విడిచినాడు. విడుచునప్పుడు రావణుని శపింపలేదు. పెద్దన్న తండ్రితో సమానుడని గౌరవించి, అధర్మమార్గమున నున్నందున ఆ కఠినవాక్యములను సహింపజాలనని చెప్పి, నేను లేకుండనే నీవు సుఖముగా నుండుమని కోరి వెడలినాడు. రావణుడు నేలకూలినప్పుడు దుఃఖించినాడు. ఉత్తరక్రియలకు సంశయించిన విభీషణునితో శ్రీరాముడు, వైరములు మరణముతో తీరిపోవును, ఇతడు నీకెట్లో నాకును అట్లే అని చెప్పి సంస్కారము చేయించినాడు. దూరముగా పోవుట వేరు, ద్వేషించుట వేరు. మొదటిది ఒక్కొక్కప్పుడు ధర్మమే కావచ్చును. రెండవది ఎప్పుడును ధర్మము కాదు.

ప్రహ్లాదుని చరిత్రమును మన తెలుగువారికి పోతనామాత్యుడు కంఠస్థము చేయించినాడు. తండ్రి విషము పెట్టించినాడు, ఏనుగులచే త్రొక్కించినాడు, కొండలపైనుండి త్రోయించినాడు. ప్రహ్లాదుడు తండ్రి ఆజ్ఞకు లొంగి హరినామమును విడువలేదు. హరిభక్తుడనను గర్వముతో తండ్రిని ద్వేషింపనూ లేదు. నృసింహస్వామి వరము కోరుకొమ్మని బలవంతపెట్టగా, హృదయమున కోరికలే పుట్టకుండునట్లు అనుగ్రహింపుమని వేడి, అటుపిమ్మట ఆ బాలుడు అడిగినది తండ్రి పాపవిముక్తిని. ఇరువదియొక్క తరములతో అతడు పవిత్రుడైనాడని స్వామి అభయ మొసగినాడు.

కావున ఇంటిలో కొట్టుట, హింసించుట, కట్నము పేరిట పీడించుట, ముసలితనమున కన్నవారికి అన్నము పెట్టకపోవుట జరుగుచున్నచో, వాటిని మౌనముగా భరించుట భక్తిలక్షణ మని ఎవరును అనుకొనరాదు. పెద్దలతో చెప్పవలెను. తీరనిచో రాజశాసనమును ఆశ్రయింపవలెను. గృహహింసనుండి స్త్రీలను రక్షించుటకు 2005 సంవత్సరములోను, తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణకై 2007 సంవత్సరములోను మన దేశమున చట్టములు చేయబడినవి. వాటిని ఆశ్రయించుట పాపము కాదు. విభీషణుడు లంకను విడిచినట్లు, ఆ ఇంటిని విడువవలసి వచ్చినచో విడుచుటయు పాపము కాదు. విడిచి వచ్చిన తరువాతను ఆ ద్వేషమును మూటగట్టుకొని తెచ్చుకొనకుండుట మాత్రము మన క్షేమము కొరకే అవసరము.

నిత్యము జరుగు చిన్న చిన్న మనస్పర్ధల విషయము వేరు. మన దుఃఖములలో పెద్దపాలు వీటిదే. మాట తీరు, వంట రుచి, పెట్టుపోతలు, పెండ్లిలో పిలుపు సరిగా లేకపోవుట, ఒక కుమారునికి ఎక్కువ, ఒకనికి తక్కువ అను తలంపు. వీటికి పెద్దలు చెప్పిన సాధనములు కలవు. చిత్తము నిర్మలమగుటకు పతంజలి మహర్షి యోగసూత్రములలో నాలుగు భావనలను విధించినాడు. సుఖించువారియెడ మైత్రి, దుఃఖించువారియెడ కరుణ, పుణ్యము చేయువారియెడ సంతోషము, పాపము చేయువారియెడ ఉపేక్ష. ఈ నాలుగింటిని అడవిలోనే అభ్యసింపవలెనని లేదు. తోడికోడలి కుమారునికి మంచి ఉద్యోగము వచ్చినప్పుడు మైత్రి అభ్యసింపవలెను. విసుగుకొను అత్తగారి మోకాళ్లనొప్పిని చూచి కరుణ అభ్యసింపవలెను. మరది తల్లికి సేవ చేసినప్పుడు, "పేరు కొరకు చేయుచున్నాడు" అనక సంతోషింపవలెను. దెప్పిపొడుచు నోటియెడ ఉపేక్ష అభ్యసింపవలెను. ఉపేక్ష యనగా పగబట్టిన మౌనము కాదు. ఆ మాటను లోపలికి తీసికొనకుండుట. ఇంటికి వచ్చిన ప్రతి ఉత్తరమును మనము పుచ్చుకొనవలెనని నియమము లేదు గదా!

మన పూర్వాచార్యులైన పిళ్లై లోకాచార్యులు శ్రీవచనభూషణమున ఇంకను ముందునకు పోయినారు. మనయెడ తప్పు చేసినవారి విషయమున క్షమ, కృప, నవ్వు, సంతోషము, ఉపకారస్మృతి అను అయిదు భావములు కలుగవలెనన్నారు. క్షమయు కృపయు అర్థమగుచున్నవి. నవ్వును, సంతోషమును చాల సాధన చేసినవారికిగాని రావు. ఐదవదియైన ఉపకారస్మృతి ఆశ్చర్యకరమైనది. మన దోషమును మనకు చూపినవాడు ఉపకారియే యను భావము. మా అన్నగారు నలుగురిలో అన్న మనియార్డరుల మాట నాకు అట్టి ఉపకారమే చేసినది. తెలిసికొనుటకు పదునొకండు సంవత్సరములు పట్టినది నా మందబుద్ధిచేత.

కావున నాకు తోచిన సాధనక్రమమును విన్నవించుచున్నాను. రాత్రి దీపము పెట్టిన వేళ, ఎవరివలన మనస్సు నొచ్చినదో వారిని వరుసతో తలచుకొనుడు. పేరుతో కాదు, వరుసతో. మా అత్తగారు, మా తమ్ముడు, మా కోడలు అని. పిదప వారు చేసిన మేలు ఒక్కటి, ఎంత చిన్నదైనను, వెదకి పట్టుకొనుడు. ఆ పిదప, "నేను వారికి చేసిన నొప్పి ఏది?" అని ఒక్కమారు ప్రశ్నించుకొనుడు. చివరకు వారి పేరిట ఒక తులసిదళము స్వామి పాదములయందు ఉంచుడు. వారి మనస్సు మారవలెనని కోరవలదు. వారు క్షేమముగా నుండవలెనని కోరుడు. మొదటి దినములలో ఇది పెదవుల మాటగనే యుండును. చింతింపవలదు. పెదవులనుండి హృదయమునకు దారి దూరమైనను, నడచిన చేరును.

దీనివలన లభించు సుఖము ఎట్టిదో శ్రీరాముని చరిత్రమే చూపుచున్నది. రావణవధానంతరము దశరథుడు దివ్యవిమానములో దర్శనమిచ్చినాడు. పదునాలుగేండ్ల వనవాసము ముగిసినది. గెలుపు చేతికి వచ్చినది. ఎదుట తండ్రి నిలిచియున్నాడు. అడిగిన కాదనడు. అప్పుడు శ్రీరాముడు అడిగినది ఒక్కటే. పూర్వము దశరథుడు కోపముతో కైకేయిని, ఆమె కుమారునితో సహా త్యజించితినని పలికియుండెను. ఆ ఘోరమైన శాపము ఆ తల్లికిని, భరతునికిని తగులకుండునట్లు అనుగ్రహింపుమని వేడినాడు. దశరథుడు అట్లే అగుగాక యన్నాడు.

మొదటి రాత్రి చెట్టుక్రింద ఆమెను శంకించి కన్నీరు కార్చినవాడును ఈయనయే. హేమంతప్రభాతమున ఆమె నిందను వారించినవాడును ఈయనయే. చివర ఆమె కొరకు తండ్రిని వేడినవాడును ఈయనయే. కైకేయి మారినదా లేదా అని ఆయన విచారింపలేదు. అయోధ్యకు చేరక మునుపే, ఆమెను ఇంకను చూడక మునుపే, ఆమె పక్షమున చేతులు జోడించి నిలిచినాడు. మనస్సులో ఆమెపై ఋణము మిగులలేదు. అందువలననే ఆయన అయోధ్యకు పోవునప్పుడు, తన ఇంటికి పోవుచున్నవానివలె పోగలిగెను.

తిరుమలకు పోయిన మీరు స్వామి సన్నిధిని నిలుచునది కొన్ని క్షణములే. ఆ క్షణములలో ఇంటిలో నున్నవారి తప్పులను స్వామికి నివేదింపవలదు. ఆయన సర్వజ్ఞుడు. ఆయనకు తెలియనివి లేవు. "స్వామీ, వారిని చల్లగా చూడుము. నా మనస్సును మార్చుము" అని మాత్రము విన్నవించుకొనుడు. అలమేలుమంగా సమేతుడైన శ్రీనివాసుడు మన ఇండ్లను ద్వేషరహితములుగా, మన హృదయములను తన నివాసములుగా చేయుగాక!